కోల్డ్ స్టోరేజీలో కేటలాగు

ఆ రోజుల్లో లైబ్రరీలో కేటలాగు ఎట్లా చేసేవాళ్లమో చెబితే ఈ కాలం పిల్లలు నమ్మరు. నమ్మకపోవడం అటుంచి, పాపం పెద్దాయన ఏదో చెబుతున్నాడులే అన్నట్టు తల ఊపి మళ్లీ ఫోనులోకి వెళ్లిపోతారు. మా మేనకోడలు ఈ మధ్యే లైబ్రరీ సైన్సు పూర్తిచేసి గుంటూరులో ఒక కాలేజీలో చేరింది. మొన్న మా ఇంటికి వచ్చినప్పుడు తన పని ఎట్లా ఉంటుందో చూపించింది. పుస్తకం అట్ట వెనకున్న నంబరు కొట్టగానే, ఏ దేశంలోనో ఎవరో పుణ్యాత్ములు ముందే తయారుచేసి పెట్టిన వివరాలన్నీ తెర మీదికి దిగిపోయాయి. రచయిత, పుస్తకం పేరు, పేజీలు, విషయం, వర్గ సంఖ్య, అన్నీ వండి వడ్డించినట్టు వచ్చేశాయి. రచయితల పేర్లు సరిచూసుకోడానికి ఒక వెబ్‌సైటు, ఏ విషయానికి ఏ సంఖ్య వేయాలో చెప్పడానికి ఇంకొకటి, అప్పటికీ సందేహం తీరకపోతే అడగడానికి మరొకటి. కాఫీ చల్లారేలోగా బోలెడు పుస్తకాలు ఎక్కించి చేతులు దులుపుకుంది. "నువ్వెట్లా చేసేవాడివి మావయ్యా?" అని అడిగింది. "మంకీ క్యాపు పెట్టుకుని చేసేవాణ్ణమ్మా, మే నెలలో" అన్నాను. జోకేశాననుకుని పడీ పడీ నవ్వింది. జోకు కాదు. నిజంగానే రోళ్లు పగిలే ఎండల్లో, మన గుంటూరు, ప్రకాశం జిల్లాల మధ్యలో, మంకీ క్యాపు, మఫ్లరు, మా బావ దగ్గర అడుక్కున్న స్వెట్టరు వేసుకుని నేను కేటలాగు చేశాను.

ఎనభైల చివరి మాట. మాది చీరాల, మగ్గాల ఇల్లు. నాన్న చీరలు నేయించి అమ్మేవాడు. నేను లైబ్రరీ సైన్సు అనే చదువు చదివానని ఆయనకి తెలుసుగానీ అదేం చదువో మాత్రం అంతుపట్టలేదు. "పుస్తకాలు చదవడానికి చదువు కావాలి, సరే. బీరువాలో సర్దడానిక్కూడా చదువేందిరా?" అనేవాడు. మార్టూరు దాటాక వచ్చే ఒక చిన్న టౌనులో (పేరు చెప్పను, ఆ ఊళ్లో ఇప్పటికీ నన్ను చూస్తే తుమ్మి పలకరించేవాళ్లున్నారు) ఒక కమిటీ నడిపే లైబ్రరీలో నాకు ఉద్యోగం వచ్చింది. టెంపరరీ. ఆ ఒక్క మాట నాన్నకి ముల్లులా గుచ్చుకుంది. "పర్మనెంటు కాని ఉద్యోగం రంగు దిగే చీరలాంటిదిరా. మొదటి ఉతుకులోనే తేలిపోయిద్ది. మే నెలలో వాళ్ల వార్షికోత్సవం అన్నావుగా, అందాకా చూస్తా. అప్పటికి పర్మనెంటు చేశారా సరే, లేకపోతే వచ్చి కొట్లో కూర్చో" అని గడువు పెట్టాడు. నాకేమో కొట్లో కూర్చోవడమంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. చీరల మీద కోపం కాదు. పొద్దుటి నుంచీ సాయంత్రం దాకా మడత విప్పడం, చూపించడం, "ఇంకో రంగు లేదా?" అనిపించుకోవడం, మళ్లీ మడత పెట్టడం నా వల్ల అయ్యే పని కాదనిపించేది. (లైబ్రరీ ఉద్యోగం కూడా అచ్చం అంతేనని తెలియడానికి నాకు ఇంకా చాలా ఏళ్లు పట్టింది.)

ఆ లైబ్రరీలో మాస్టారని పిలిచే పెద్ద లైబ్రేరియన్ ఒకాయన ఉండేవారు. గోడల మీద 'నిశ్శబ్దము' అని రాయించింది ఆయనే, ఊరు మొత్తం మీద గట్టిగా మాట్లాడేదీ ఆయనే. అందుకని చాటుగా 'నిశ్శబ్దం మాస్టారు' అనేవాళ్లం. కమిటీకి అధ్యక్షుడు మిర్చి వ్యాపారి, లైబ్రరీకి ఎదురుగా రోడ్డవతల ఉన్న కోల్డ్ స్టోరేజీ ఆయనదే. మంచి మనిషి, చెయ్యి పెద్దది, గొంతు అంతకన్నా పెద్దది. ప్రపంచంలో ఉన్నవన్నీ ఆయన లెక్కలో సరుకే. పుస్తకాలు సరుకు, కుర్చీలు సరుకు, ఒకసారి కొత్తగా వచ్చిన వియ్యాలవారిని కూడా "సరుకు మంచిదే" అన్నాడని చెప్పుకునేవాళ్లు. నాకూ మాస్టారికీ మధ్య ఆయన పేరు 'సరుకుగారు'.

లైబ్రరీలో పుస్తకాలకి కొదవ లేదు. ఆ ఊరికి ఒక ఆచారం ఉంది. ఎవరింట్లో ఏ శుభం జరిగినా లైబ్రరీకి ఒక పుస్తకం ఇవ్వాలి. పెళ్లయితే ఒకటి, గృహప్రవేశానికి ఒకటి, పిల్లవాడు టెన్త్ పాసైతే ఒకటి, ఆ పిల్లవాడే రెండోసారి రాసి పాసైతే ఇంకొకటి. ఇచ్చినవాళ్లు మాత్రం మళ్లీ ఆ గుమ్మం తొక్కేవాళ్లు కాదు. పేపరు చదవడానికి వచ్చే పది మంది రిటైర్డు మనుషులు, ఫ్యాను కింద కునుకు తీయడానికి వచ్చే మరో ఇద్దరు, అంతే మా పాఠకలోకం. బీరువాల నిండా పుస్తకాలు పడి ఉండేవి. మాస్టారు ఎప్పుడో రాసిన కార్డులు సగం చెదలు తినేశాయి. మిగిలిన సగం ఆయన చేతిరాత వల్ల ఎవరికీ పనికిరాలేదు.

ఇలా ప్రశాంతంగా సాగుతుండగా పక్క టౌను లైబ్రరీ వాళ్లు కలర్ టీవీ కొన్నారు. ఆ వార్త విన్న రోజు సరుకుగారికి అన్నం సయించలేదట. మర్నాడే కమిటీ మీటింగు పెట్టి, "వాళ్లు టీవీ కొన్నారు. మనం కంప్యూటర్ కొందాం. అది కూడా టీవీలాగే ఉండిద్దంట, పైగా మనం చెప్పిన మాట వినిద్దంట" అన్నాడు. కంప్యూటర్‌తో ఏం చేస్తారని ఎవరో అడిగితే, "మన కొత్త కుర్రాడున్నాడుగా, పుస్తకాలన్నీ దాంట్లోకి ఎక్కిస్తాడు. వార్షికోత్సవానికి జిల్లా నుంచి పెద్దాఫీసరు గారొస్తున్నారు. ఆయన ఏ పుస్తకం అడిగినా నిమిషంలో ఎక్కడుందో చెప్పాలి. చెప్పాడంటే ఆ పూటే ఈ అబ్బాయిని పర్మనెంటు చేసేద్దాం" అన్నాడు. చెప్పలేకపోతే ఏమిటని ఎవరూ అడగలేదు. నాకు తెలుసు. చీరాల బస్సు.

కంప్యూటర్ అమ్మే కంపెనీ ఇంజనీరు విజయవాడ నుంచి వచ్చి మూడు షరతులు పెట్టాడు. ఏసీ గది ఉండాలి, కరెంటు పోకూడదు, దుమ్ము ఉండకూడదు. లైబ్రరీలో ఏసీ కాదుగదా, రెండో ఫ్యానుకే దిక్కు లేదు. కరెంటేమో అత్తారింటికి వచ్చిన కొత్తల్లుడిలా ఎప్పుడు వస్తుందో ఎంతసేపుంటుందో దాని ఇష్టం. కమిటీ వాళ్లందరూ తలలు పట్టుకున్నారు. సరుకుగారు మాత్రం తొడ చరిచి లేచాడు. "ఓస్, ఇంతేనా! ఏసీ కావాలన్నాడు, మన కోల్డ్ స్టోరేజీ కన్నా పెద్ద ఏసీ ఈ చుట్టుపక్కల ఎక్కడుందయ్యా? కరెంటు పోతే జనరేటరుంది. ఇంక దుమ్మంటావా, లోపల మిరపకాయలు తప్ప ఇంకేం ఉండవు!" అందరూ చప్పట్లు కొట్టారు. ఇంజనీరు ఏదో అనబోయాడుగానీ ఆయన చేతిలో అప్పటికే చెక్కు పెట్టేశారు.

అట్లా ఆ ఊరి మొట్టమొదటి కంప్యూటరు, దాంతోపాటు నేనూ, మిర్చి టిక్కీల (మిరపకాయలు కుక్కిన గోనె బస్తాల) మధ్యన కోల్డ్ స్టోరేజీలో కాపురం పెట్టాం. మరీ లోపల కాదులెండి. మొదటి ఛాంబరు ముందు చిన్న గది ఒకటుండేది. హమాలీలు ఛాంబరు తలుపు తీసినప్పుడల్లా లోపలి చలి మా మీద పడేది, దాంతోపాటే మిరప ఘాటు. బయట ఎండకి తారు రోడ్డు మెత్తబడుతుంటే లోపల నేను వేళ్లు కొంకర్లు పోయి, ముక్కు కారి, కళ్లు మండి, తుమ్ముకి తుమ్ముకి మధ్య ఒక్కో అక్షరం కొట్టేవాణ్ణి. నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. దానికి తెలుగు రాదు కాబట్టి మన పుస్తకాలన్నిటికీ ఇంగ్లీషు లిపి వేషం. మధ్యాహ్నం భోజనానికి మంకీ క్యాపుతోనే బయటికి వచ్చి రోడ్డు దాటేవాణ్ణి. ఒకసారి బస్సులో వాళ్లు నన్ను చూసి, పాపం పిచ్చివాడనుకుని కిటికీలోంచి అరటిపండు ఇచ్చారు. తిన్నాను. ఆకలిగా ఉంది మరి.

అక్కడ నాకున్న తోడు ఒకే ఒక్కడు, హమాలీల మేస్త్రీ. నేను 'మేస్త్రీ మామ' అనేవాణ్ణి. ఆయనకి చలీ లేదు, ఘాటూ లేదు. ఒక్క తువ్వాలు భుజాన వేసుకుని తిరిగేవాడు. కంప్యూటర్ అంటే మహా ముచ్చట. తెర మీద అక్షరాలు కదిలినప్పుడల్లా, "తింటందిరోయ్, మేత తింటంది" అనేవాడు.

అన్నీ సవ్యంగా జరుగుతున్నాయనుకునేసరికి ఒకరోజు సరుకుగారు శాలువా కప్పుకుని వచ్చి, నా వెనక నిలబడి తెరలోకి చూశాడు.

"ఇదేందయ్యా, ముందున్న ఈ పేరెవరిది?"

"రచయితదండీ."

"ఆయన మనూరోడా?"

"కాదండీ. పోయి చాలా కాలమైంది."

"మరి ఆయన పేరెందుకు ముందు? ఇచ్చిందెవరు?"

నేను చదువుకున్న చదువంతా ఒక్కసారి గొంతులోకి వచ్చింది. రచయిత పేరే ముందుండాలని, ప్రపంచంలో అన్ని లైబ్రరీల్లోనూ అదే పద్ధతని, దానికి పెద్ద పెద్ద పుస్తకాలే ఉన్నాయని, మధ్యలో తుమ్ములు తుమ్ముతూ వివరించాను. ఆయన ఓపిగ్గానే విన్నాడు. విని, ఛాంబరు తలుపు వైపు చెయ్యి చూపించాడు. "అబ్బాయ్, ఈ లోపలున్న సరుకు ఎవరి పేరు మీద ఎక్కిందీ? పెట్టిన రైతు పేరు మీద. కాయ కాసిన మొక్క పేరు మీద కాదు. రేపు ఆ రైతొచ్చి నా సరుకేదయ్యా అంటే నువ్వు చూపించాలా వద్దా?"

"కానీ పుస్తకం..."

"పుస్తకం మాత్రం సరుకు కాదా? ఇచ్చినోడి పేరు ముందుండాలి. ఆ రాసినాయన పేరు తరవాత ఏసుకో, నాకేం అభ్యంతరం లేదు" అని పెద్ద మనసు చేసుకుని వెళ్లిపోయాడు.

నేను ఉడికిపోయాను. ఆ చలిలో ఉడికిపోవడం ఎంత కష్టమో ఆలోచించండి. మాస్టారి దగ్గరికి పరుగెత్తి మొర పెట్టుకుంటే, ఆయన లైబ్రరీ అదిరిపోయేలా, "ఆయన కంప్యూటరు, ఆయన చలి! నీ సొమ్మేం పోయింది, ఏసెయ్ నాయనా!" అన్నారు. (ఫ్యాను కింద కునుకు తీస్తున్న ఇద్దరూ ఉలిక్కిపడి లేచారు.) నిజానికి చిక్కంతా ఆ యంత్రంతోనే. మా ప్రోగ్రాము ముందున్న పేరు మీద అడిగితేనే గబుక్కున చెబుతుంది. వేరే దేని మీద అడిగినా మొదటి పుస్తకం నుంచి ఒక్కొక్కటే తడుముకుంటూ వెళ్లి, మనం భోంచేసి వక్కపొడి వేసుకునేసరికి తీరిగ్గా జవాబిస్తుంది. ముందు రచయిత ఉంటే నా మానం దక్కుతుంది. ముందు దాత ఉంటే ఆఫీసరు గారి ముందు నా ఉద్యోగం గల్లంతు. ఎందుకంటే పుస్తకం కావాలన్న మనిషి, "ఫలానా వాళ్ల పెళ్లికి ఇచ్చిన పుస్తకం ఇవ్వండి" అని ఎందుకు అడుగుతాడు? అయినా సరుకుగారి మాట కాదనే ధైర్యం ఎవరికుంది? మళ్లీ మొదటి పుస్తకం నుంచి ఊరందరి పేర్లూ కొట్టుకుంటూ వచ్చాను. కొట్టిన ప్రతి పేరుకీ సరుకుగారిని ఒక తిట్టు తిట్టుకున్నాను. మనసులోనే.

కంప్యూటరు రోడ్డుకి అటు, పుస్తకాలు ఇటు ఉండడంతో మధ్యలో ఒక తీగ లాగించారు. కోల్డ్ స్టోరేజీలో ఛాంబర్లకీ ఆఫీసుకీ మధ్య మాట్లాడుకోడానికి ఇంటర్‌కమ్ ఉండేది. దాన్నే పొడిగించి, కరెంటు స్తంభాల మీదుగా లైబ్రరీ బల్ల దాకా తెచ్చారు. లైబ్రరీలో రిసీవరు ఎత్తితే నా గదిలో గంట మోగేది. మాస్టారు మాట్లాడితే ఆ తీగ అవసరమే ఉండేది కాదనుకోండి, అది వేరే సంగతి. మా మేనకోడలు ఇప్పుడు ఆన్‌లైన్ అంటోందే, అట్లాంటిది ఆ జిల్లాలో మొదట చేసింది మేమేనని నా గట్టి నమ్మకం.

వార్షికోత్సవం రోజు వచ్చేసింది. లైబ్రరీ ముందు షామియానా, మైకు, అరటిచెట్లు, రంగు కాగితాలు. ఊరంతా వచ్చింది, లైబ్రరీ కోసం కాదు, కంప్యూటర్ కోసం. ఆఫీసరు గారు ముందుగా కంప్యూటర్ చూస్తానని కోల్డ్ స్టోరేజీ గుమ్మం దాకా వచ్చారు. ఛాంబరు తలుపు ఎవరో తీశారు. అంతే, ఆయన తుమ్మడం మొదలుపెట్టారు, ఇక ఆపలేదు. మెడలో ఉన్న బంతిపూల దండ తుమ్ముకి ఒక రేకు చొప్పున రాలిపోయింది. సరుకుగారు గాభరాపడి, "ఒరేయ్ మేస్త్రీ, ఆయన లోపలికి రావడమెందుకు, దాన్నే బయటికి తెచ్చి స్టేజీ మీద పెట్టండ్రా!" అన్నాడు. ఏసీ లేకపోతే పాడవుతుందని నేను అడ్డం పడ్డాను. "ఒక్క పూట ఎండకేమయిద్దిరా? మనం తిరగట్లా?" అన్నాడు.

మేస్త్రీ మామ తువ్వాలు చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకుని, దాని మీద కంప్యూటరు పెట్టుకుని, మిర్చి టిక్కీ మోసినంత సునాయాసంగా రోడ్డు దాటించేశాడు. స్టేజీ మీద దించారు. జనం మెడలు సాచారు. అప్పుడు జరిగింది వింత. ఇన్నాళ్లూ చలిలో బిగుసుకుని ఉన్న ఆ యంత్రానికి ఎండగాలి తగలగానే, చల్లటి మజ్జిగ గ్లాసుకి పట్టినట్టు ఒళ్లంతా నీళ్లు పట్టేశాయి. తెర మీంచి ధారలు. మీటల మధ్య మడుగులు. "చెమట పట్టిందిరోయ్! కంప్యూటర్‌కి చెమట పట్టింది!" అని ఎవరో అరిచారు. ముందు వరసలో ఒక మామ్మగారు జాలిపడి విసనకర్రతో దానికి విసరడం మొదలుపెట్టింది. మేస్త్రీ మామ గబగబా తన తువ్వాలుతో తుడిచాడు. ఆ తువ్వాలులో ఎన్నేళ్ల మిరప ఘాటు ఉందో దేవుడికెరుక, మామ్మగారి విసురుకి అదంతా లేచి స్టేజీ మీద పరుచుకుంది. ఆఫీసరు గారు, సరుకుగారు, మాస్టారు, కమిటీ సభ్యులందరూ ఒకేసారి తుమ్మారు. మైకు ముందే. పక్క టౌను దాకా వినపడి ఉంటుంది.

తడి ఆరకుండా స్విచ్చి వేస్తే అది కాలిపోతుంది, వేయకపోతే నా పని అయిపోతుంది. చీరాల కొట్టు, మడతలు పెట్టిన చీరలు, "ఇంకో రంగు లేదా?" అన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఆ కంగారులో ఎక్కణ్ణుంచి వచ్చిందో బుద్ధి, "దీన్ని మళ్లీ లోపలికి తీసుకెళ్దామండీ. ఇంటర్‌కమ్ రిసీవరుకి మైకు ఆనించండి. ఎవరేం అడిగినా లోపల్నుంచి చెప్తాను" అనేశాను. మేస్త్రీ మామ మళ్లీ నెత్తికెత్తాడు. లోపలికి చేర్చి, మా బావ స్వెట్టరు విప్పి, దాంతో మీట మీటా తుడిచి, జనరేటరు గది గోడ వెచ్చదనానికి కాసేపు ఆనించి (బయట అంతసేపూ మాస్టారు 'గ్రంథాలయ మహిమ' మీద ఉపన్యాసం ఇచ్చారు, మైకు లేకుండానే), దేవుడి మీద భారం వేసి స్విచ్చి నొక్కాను. ఆకుపచ్చ చుక్క వెలిగింది. మేస్త్రీ మామ చెంపలు వేసుకున్నాడు.

గంట మోగింది. రిసీవరు మంకీ క్యాపుకీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాను. ఆఫీసరు గారి గొంతు. "బాబూ, కోడెదూడల పెంపకం మీద ఏదైనా పుస్తకం ఉందా?"

అనుకున్నంతా అయింది. విషయం మీద అడిగారు. కొట్టాను. యంత్రం గుర్రుగుర్రుమంటూ మొదటి పుస్తకం నుంచి తడుముకోవడం మొదలుపెట్టింది. నిమిషం అయింది. అవతల షామియానా కింద ఊరంతా ఊపిరి బిగపట్టినట్టు తీగలో ఒకటే నిశ్శబ్దం. (ఆ ఊరి లైబ్రరీలో అసలైన నిశ్శబ్దం అదొక్కసారే విన్నాను.) మేస్త్రీ మామ నా భుజం మీంచి వంగి, "ఏందిరా, మేత మానేసిందా? ఇంతకీ ఆ ఆఫీసరు గారు ఎప్పుడైనా కోడెని తోలిన మొహమేనా?" అన్నాడు. ఆ మాట రిసీవర్లోంచి మైకులోకి, మైకులోంచి ఊరంతటికీ వెళ్లిందని నాకు తెలియదు. తీగలో ఒక్కసారిగా నవ్వుల హోరు. ఆ హోరులోంచి ఎవరో రైతు గొంతు మైకు దగ్గరికి తోసుకొచ్చింది. "అబ్బాయ్! కోడెదూడల పుస్తకం నేనిచ్చిందే! మా పెద్దమ్మాయి పెళ్లికి ఇచ్చా! నా పేరు కొట్టు!"

పేరు చెప్పాడు. పాత వెతుకులాట ఆపేసి ఆ పేరు కొట్టాను. కన్ను మూసి తెరిచేలోగా తెర మీద ప్రత్యక్షం. "అయిదో బీరువా, కింది అర!" అని అరిచాను. అటు మాస్టారు పరుగెత్తిన చెప్పుల చప్పుడు. తరవాత చిటపటమని పెద్ద శబ్దం. తీగ తెగిందేమోనని భయపడ్డాను. అవి చప్పట్లు.

ఇక చూడండి. ఊళ్లో ఇన్నేళ్లుగా శుభకార్యాలు చేసినవాళ్లంతా మైకు మీద పడ్డారు. "మా వాడి బారసాలకి ఇచ్చాం, మా పేరు కొట్టు!" "నేనిచ్చింది గృహప్రవేశానిది, లావు పుస్తకం, అది చెప్పు!" "మా ఆయన పేరు మీద ఉండిద్ది, చూడు నాయనా, ఆయన పోయి నాలుగేళ్లయింది" అని ఒకావిడ. కొట్టాను. ఉంది. పుస్తకం పేరు చదివి, ముందుగా ఆయన పేరు చదివాను. అవతల ఆవిడ రిసీవరు పక్కవాళ్లకి ఇచ్చేసింది. సరుకుగారు అన్న మాట అప్పుడు నా బుర్రకెక్కింది. వాళ్లకి కావలసింది పుస్తకం కాదు, తమ సరుకు భద్రంగా ఉందన్న మాట. ఇన్నాళ్లూ పేరుకో తిట్టు తిట్టుకున్న నేను ఆ రోజు పేరు పేరుకీ అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాను. అంత సంతోషం నాకు ఏ పరీక్ష పాసైనప్పుడూ కలగలేదు.

అప్పుడు రిసీవర్లో ఒక దగ్గు వినిపించింది. ఆ దగ్గు నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు.

"ఒరేయ్, నేన్రా."

నాన్న! చెప్పా పెట్టకుండా చీరాల నుంచి వచ్చేశాడు. గడువు తీరిన రోజు కదా, తీసుకుపోవడానికే వచ్చాడనుకున్నాను. "నా పేరు కూడా కొట్టు" అన్నాడు. తన పేరు ఇంటిపేరుతో సహా విడమరిచి చెప్పాడు, నాకు తెలియదన్నట్టు. ఆయన పేరు మీద పుస్తకం ఎందుకుంటుంది? ఆ ఊరాయనే కాదు. ఊరంతా వింటోంది. లేదని ఎట్లా చెప్పను? "నాన్నా, అదీ..." అని నసిగాను. "చూడరా. ఉండిద్ది. ఇప్పుడే మీ మాస్టారి చేతికిచ్చా. పంచాంగం" అన్నాడు.

ప్రయాణానికి ముందు వర్జ్యం చూసుకోకుండా ఆయన గడప దాటడు. సంచిలో పంచాంగం ఉండాల్సిందే. ఆ సంచిలో ఉగాదికి కొన్న కొత్తదీ ఉంది, తీసేయడం మరిచిపోయిన నిరుటిదీ ఉంది. కొత్తది తనకి కావాలి కాబట్టి నిరుటిది లైబ్రరీకి దానం చేశాడు. కాలం చెల్లిన పంచాంగం! దాన్ని జ్యోతిషంలో వేయాలా, కాలగణనలో వేయాలా, అసలు ఏ లైబ్రరీ అయినా తీసుకుంటుందా? నా చదువంతా మళ్లీ గొంతు దాకా వచ్చింది. మింగేశాను. కొంకర్లు పోయిన వేళ్లతో ముందు నాన్న పేరు కొట్టాను. తరవాత పంచాంగం అని కొట్టాను. ఎంటర్ నొక్కి, ఊరంతటికీ వినపడేలా ఆయన పేరు చదివి, "పంచాంగం, మూడో బీరువా, పై అర!" అన్నాను.

"ఆఁ! విన్నారుగా?" అని నాన్న షామియానా కింద అందరితో అనడం నాకు వినిపించింది.

కాసేపటికి ఆయన రోడ్డు దాటి లోపలికి వచ్చాడు. మంకీ క్యాపులో నన్ను చూసి ముందు పోల్చుకోలేదు, మేస్త్రీ మామని "మా అబ్బాయేడయ్యా?" అని అడిగాడు. నేను తెర మీద ఆయన పేరు చూపించాను. ఇంగ్లీషు లిపి ఆయనకి రాదు. ఏది, ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా అని అడిగి, అద్దం మీద వేలు పెట్టి మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా మెల్లగా తడిమాడు, చీర అంచు చూసినట్టు. "ఇది ఉతికితే పోదుగా?" అన్నాడు. "పోదు నాన్నా" అన్నాను. అప్పుడే శాలువాలో సరుకుగారు వచ్చి, నా వీపు మీద ఒక్కటి చరిచి, "సరుకు బాగా ఎక్కించావయ్యా! రేపట్నించి నువ్వు పర్మనెంటు!" అని ఒక తుమ్ము తుమ్మాడు. నాన్న నా వైపు చూడలేదు. తెర వైపే చూస్తూ, "వీడికి ఇంకో స్వెట్టరు కొని పంపిస్తా" అన్నాడు.

తరవాత ఆ కంప్యూటరు మిరప ఘాటుకి రెండేళ్లలో కన్ను మూసింది. ఇంకోటి వచ్చింది, అదీ పోయింది, ఇంకోటి వచ్చింది. మారినప్పుడల్లా దాతల పేర్లు తీసేద్దామని ఎవరో ఒక తెలివైనవాడు అనేవాడు. ఊరు ఊరుకునేది కాదు, ముందుగా నేను ఊరుకునేవాణ్ణి కాదు. నియమాల ప్రకారం రచయితని ముందు పెట్టి, కింద ఇచ్చినవారి పేరు మాత్రం ఉంచేలా చేసి, రిటైరై వచ్చేశాను. ఇప్పుడు ఆ లైబ్రరీ కేటలాగు ఇంటర్‌నెట్‌లో ఉందట. మొన్న మా మేనకోడలే వెతికి తెరిచింది. "ఏం కొట్టమంటావు మావయ్యా? పుస్తకమా, రచయితా?" అంది. "మీ తాతయ్య పేరు కొట్టు" అన్నాను. కొట్టింది. ఒక్కటే వచ్చింది.

"తాతయ్య పుస్తకం రాశాడా!" అని ఆశ్చర్యపోయింది.

"రాయలేదమ్మా, ఇచ్చాడు."

ఫోను దగ్గరికి తీసుకుని చదివింది. పంచాంగం, మూడో బీరువా, పై అర, అందుబాటులో ఉంది. "ఇన్నేళ్లలో ఒక్కళ్లు కూడా తీసుకోలేదు మావయ్యా" అని జాలిగా అంది. కాలం చెల్లిన పంచాంగం ఎవరు తీసుకుంటారు! ఆ చలిగదిలో మంకీ క్యాపు పెట్టుకుని, ముక్కు తుడుచుకుంటూ, లోకంలో ఏ నియమానికీ లొంగని ఆ ఒక్క పంచాంగాన్ని ఎక్కిస్తున్న కుర్రాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆమె చేతిలోంచి ఫోను తీసుకుని, అద్దం మీద నాన్న పేరు ఉన్నచోట మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా వేలితో తడిమాను. అది వేలి తాకిడికి ఇంకేదో పేజీకి వెళ్లిపోయింది. మా మేనకోడలు నవ్వి మళ్లీ వెనక్కి తెచ్చింది. పేరు అక్కడే ఉంది, రంగు దిగలేదు.